నర్సమ్మ ఒప్పుకోలేదు

చరిత్ర ప్రాజెక్టుల పోటీలో జడ్జీలందరూ చార్టును ముందునుంచి చూస్తారు. ఆమె వెనకనుంచి చూసేది. పిల్ల ఇంకా "గుడ్ మార్నింగ్ సార్, గుడ్ మార్నింగ్ మేడం, మా ప్రాజెక్టు పేరు..." అని మొదలుపెట్టకముందే చార్టు కింది అంచును రెండు వేళ్ళతో లేపి, మెడ వంచి, వెనక్కి తొంగిచూసేది. చంటిబిడ్డను బోర్లా తిప్పి వీపు మీద దద్దుర్లున్నాయేమో చూసినట్టు.

వెనక ఏముంటుంది అంటారేమో. చాలా ఉంటుంది. స్టేషనరీ షాపువాడు పెన్సిలుతో వేసుకున్న ఆర్డరు నంబరు. పోయినేడు అదే అట్ట మీద అక్క గీసిన కప్ప జీర్ణవ్యవస్థ. ఒకసారి మహబూబాబాద్‌లో ఒక చార్టు వెనక "సోషల్ సార్ ఇంట్లో ఇవ్వాలి, సాయంత్రం లోపల" అని రాసి ఉంది. ఆ సారు మా పక్కనే నిలబడి ఉన్నాడు. ఆమె ఆ ముక్క పైకి చదివి, చార్టును మెల్లగా దించి, "ఇచ్చిన్రా సారూ, సాయంత్రం లోపల?" అని అడిగింది.

"మొకం అందరు కడుక్కుంటరు తమ్మీ. ఈపు సూడాలె" అనేది నాతో. నేను ఆమెకంటే రెండేళ్ళు పెద్దవాణ్ణి. ఆ మాట గుర్తుచేసినప్పుడల్లా, "ఏండ్లు లెక్కవెడితె నువ్వు నాకు అన్నవే. నేను గవి లెక్కవెడ్తలేను" అనేది.

ఆమె పోయి మూడు నెలలైంది. ఇక్కడ ఆమె పేరు రాయడం లేదు. పేర్లంటే ఆమెకు గిట్టదు. పోటీ హాల్లోకి రాగానే సంచిలోంచి దవాఖాన ప్లాస్టరు చుట్ట తీసి, ప్రతి చార్టు మీద పిల్ల పేరుకూ, ఇంటిపేరుకూ, బడి పేరుకూ అడ్డంగా అంటించేది. "పేరు సూస్తె చెయ్యి వంకర వోతది" అనేది. ఆమె తిరిగి వెళ్ళిన వరుస చూస్తే చార్టులన్నీ ఎక్కడో దెబ్బలాడి వచ్చినట్టుండేవి. మూడు జిల్లాల పిల్లలూ ఆమెను నర్సమ్మ అనేవాళ్ళు. నేనూ అదే అంటాను.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పిల్లలకు మా చరిత్ర సంఘం ఏటా ఈ పోటీ పెడుతుంది, ఒక్కో ఏడు ఒక్కో ఊళ్ళో. తమ ఊరిదో, ఇంటిదో, వాడకట్టుదో పాత సంగతి ఒకటి తవ్వి తీసి, చార్టులకు అంటించుకుని వస్తారు. ముగ్గురు జడ్జీలు. జీతం లేదు, మధ్యాహ్నం అన్నం ఉంది, సాయంత్రం శాలువా ఉంది. జనగామలో సోషల్ సారుగా చేసి దిగిపోయినవాణ్ణి గనక నేను జడ్జినయ్యాను. ఇప్పటికి వంద పోటీల్లో తీర్పు చెప్పాను.

వంద కాదు, పదమూడు. శాలువాలు లెక్కపెట్టి చెబుతున్నాను. ఒకటి మా ఆవిడ బియ్యం డబ్బా మీద కప్పింది, దాన్ని కూడా కలిపి.

నర్సమ్మను జడ్జిని చేసింది కూడా నేనే. ఆమెలో ఒక చరిత్రకారిణి దాగి ఉన్నదని మొదటి చూపులోనే కనిపెట్టాను. అలా అని పదిమందిలో చాలాసార్లు చెప్పాను, వాళ్ళు తల ఊపారు. జరిగింది వేరు. ఆ ఏడు పోటీ భూపాలపల్లిలో. మూడో జడ్జి రాలేదు. నర్సమ్మ అప్పటికే నర్సు ఉద్యోగం దిగిపోయి ఘనపూర్‌లో ఉంటోంది. ఎండలు ముదిరాయని, మందుల డబ్బా పట్టుకుని ఒక మూల కూర్చోమని ఆమెను ఎవరో పిలుచుకొచ్చారు. మార్కుల ప్యాడు మీద మూడో పేరు ఖాళీగా ఉంటే బాగుండదని నేను ఆమె చేతిలో పెట్టాను.

"అక్కా, జర ఈ గళ్ళల్ల పదికి ఏదో ఒకటి వెయ్యవా?"

"ఏదో ఒకటా? జరం సూడకుంటనే మందు చీటీ రాస్తమా?" అని లేచింది. మళ్ళీ సాయంత్రం దాకా కూర్చోలేదు. మమ్మల్నీ కూర్చోనివ్వలేదు. మరుసటి ఏడు పిలవకపోయినా వచ్చింది. ఆ తర్వాత పిలవకపోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

ముప్పై ఏళ్ళు గంగారం అడవి పల్లెల్లోనూ, తండాల్లోనూ కాన్పులు చేసి, సూదులేసి తిరిగిన మనిషి. తండా భాష ఆమెకు తన భాషంత వచ్చు. పట్టుచీర కట్టినా కాళ్ళకు కాన్వాస్ బూట్లే. పిల్లల ముందు నిలబడేది కాదు, చతికిలబడి కూర్చునేది. పిల్లల్నీ కూర్చోమనేది. "నిలవడితె అప్పజెప్తరు. కూసుంటె ముచ్చట చెప్తరు" అనేది. అడిగే ప్రశ్నలు మూడే. ఎప్పటిసంది? ఎవరు చెప్పిన్రు? నువ్వు పోయి సూసినవా? జ్వరం వచ్చినవాళ్ళను అడిగినట్టే.

థర్మాకోల్ అంటే మాత్రం ఆమెకు పామంటే ముంగిసకున్నంత పగ. ఏటా ఎవరో ఒకరు వరంగల్ కోట తోరణం థర్మాకోల్‌తో చేసి, లోపల బ్యాటరీ లైట్లు పెట్టి తెస్తారు. ఒక పిల్లవాణ్ణి అడిగింది.

"బిడ్డా, గీ తోరణం ఎవరు కట్టిన్రు?"

"కాకతీయులు మేడం."

"అది నాకెరుకనే. గిది, గీ తెల్లది?"

పిల్లవాడు వాళ్ళ సారు వైపు చూశాడు. సారు పైకప్పు వైపు చూశాడు.

"మా మామ మేడం. పెండ్లిళ్ళకు స్టేజీలు చేస్తడు."

"అట్లనా! ఎన్ని దినాలు వట్టింది? దేనితోటి కోస్తడు? మీ మామకు ఎవరు నేర్పిన్రు?"

వాడు కూర్చున్నాడు. వేడి తీగతో థర్మాకోల్ ఎలా కోస్తారో, అంతకుముందు వాళ్ళ తాత అరటి బోదెలతో పందిళ్ళు ఎలా కట్టేవాడో, అరటి పోయి థర్మాకోల్ ఎప్పుడొచ్చిందో పావుగంట చెప్పాడు. ఆమె మోకాలు మీద చరిచి, "అగో, గిది తేకపోయినవారా! గా తోరణం ఎందుకు మోసుకొచ్చినవు?" అంది. పదికి ఏడు వేసింది. ఎవరికైనా అంతకుమించి వేయగా నేను చూడలేదు.

మా ముగ్గురిలో ఇంకో జడ్జి లెక్చరర్ సారు. ఆయనా మా జనగామ దిక్కువాడే. ఇంట్లో "ఎటువోయినవే" అనే మనిషి, మెడలో జడ్జి బిళ్ళ పడగానే "విద్యార్థినీ విద్యార్థులారా" అయిపోయేవాడు. పిల్లలు నోరు తెరవగానే దిద్దేవాడు. భూపాలపల్లి పిల్ల ఒకతె, "మా తాత బొగ్గుబాయిల జేసిండు" అని మొదలుపెట్టింది.

"బొగ్గు గనిలో పనిచేశాడు, అనాలమ్మా. సరైన తెలుగులో చెప్పు" అన్నాడాయన.

పిల్ల నోరు మూతపడింది. నర్సమ్మ కింద కూర్చునే తల పైకెత్తింది.

"సారూ, వాళ్ళ తాత బాయిల్నే జేసిండు. గనిల జేసినాయిన ఇంకెవరో ఉంటడు, ఆయిన మనుమరాలు వచ్చినప్పుడు గట్లనే చెప్పిద్దాం."

"అది కాదండీ, పోటీ అన్న తర్వాత ఒక ప్రమాణం..."

"సినిమాలల్ల మన మాట మాట్లాడెటోడు తన్నులన్న తింటడు, జేబులన్న కొడ్తడు. గీ హాల్ల గూడ గదే కతనా? చెప్పు బిడ్డా. మీ ఇంట్ల తాతను ఎట్ల యాది చేసుకుంటరో గట్లనే చెప్పు."

ఆ పూట ఆమె పక్కన నేనూ లేచి సింహంలా గర్జించాను. నిజానికి దగ్గాను. కానీ ఆమె వైపు తిరిగి దగ్గాను.

ఇక అసలు సంగతికి వస్తాను. దీన్ని దాటి వెళ్ళడానికే ఇంతసేపు చుట్టూ తిరిగానేమో.

నాలుగేళ్ళ కింద పోటీ మహబూబాబాద్‌లో. గంగారం అవతల ఒక తండా నుంచి తొమ్మిదో తరగతి పిల్ల వచ్చింది. చార్టు లేదు, మోడల్ లేదు. పన్నెండు పారదర్శక కాగితాలు, ఒక్కో కాగితం మీద మోచేతి దాకా ఒక్కో చెయ్యి. చేతుల మీద చుక్కలు, పువ్వులు, తేళ్ళు, నిచ్చెనలు. తండాలో పన్నెండుమంది అవ్వల చేతులు పట్టుకుని, వాటి మీది పచ్చబొట్లను ఉన్నవి ఉన్నట్టు దిద్దుకొచ్చింది. ప్రతి పచ్చబొట్టు పక్కన చిన్న అక్షరాలు: ఇది ఏ ఊళ్ళో పొడిపించుకుంది, అప్పుడు అవ్వ ఎంత పిల్ల, తండా అప్పుడెక్కడుంది.

"మా తండాకు కాయితం లేదు సార్" అంది ఆ పిల్ల. "ఏ ఆఫీసుకు వోయినా మీరు ఎప్పటిసంది ఈడున్నరు అని అడుగుతరు. మా నాయిన చెప్పలేకపోయెటోడు. అవ్వలను అడిగితె ఏండ్లు చెప్పరు. పచ్చబొట్టు ఎక్కడ పొడిపిచ్చుకున్నవ్ అంటె చెప్తరు. గీ తేలు కాళేశ్వరంల శివరాత్రికి పొడిపిచ్చిన్రు, అప్పుడు పశువులు తోలుకోని గోదారి ఒడ్డుకు వోయిన్రట. గీ నిచ్చెన గంగారం వచ్చినంక. ఐదుగురు అవ్వలకు ఒక్కటే తీరు నిచ్చెన ఉన్నది. అంటె ఆ ఐదుగురు ఒక్కటేపారి ఈడికి వచ్చిన్రు."

పన్నెండు చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. అన్నిటికంటే పాత ఊరి చుక్కలు కింద, కాళేశ్వరం తేళ్ళు వాటి పైన, గంగారం నిచ్చెనలు ఆ పైన పడి, తండా మూడుచోట్లు మారడం కళ్ళకు కట్టినట్టు కనిపించింది. నేను నలభై ఏళ్ళు సోషల్ చెప్పాను. అలాంటిది ఎన్నడూ చూడలేదు. ఇందులో పెంచిందేమీ లేదు.

నర్సమ్మ ఆ పిల్లతో తండా భాషలో ఏదో అంది. పిల్ల నవ్వింది. ఇద్దరూ కింద కూర్చుని అరగంట మాట్లాడుకున్నారు. లెక్చరర్ సారు గడియారం చూసుకున్నాడు.

"అమ్మాయీ, ఆధార గ్రంథాలు ఏవీ? కనీసం ఐదు పుస్తకాలు పేర్కొనాలని నిబంధన ఉంది కదా."

"పన్నెండు చేతులున్నయ్ సార్."

"చేతులు గ్రంథాలు కావు. ఒంటి మీది గీతలు ఆధారాలు ఎట్లా అవుతాయి?"

నర్సమ్మ లేచింది. "సారూ, జర చొక్కా చెయ్యి మీదికి అనుండ్రి" అంది. ఆయనకు అర్థమయ్యేలోపే ఎడమ చెయ్యి పట్టుకుని, చొక్కా భుజం దాకా తోసింది. ముప్పై ఏళ్ళు సూదులేసిన చేతులు అవి, పట్టుకుంటే వదిలేవి కావు.

"గిదో, ఇంత పెద్దగ గుండ్రటి మచ్చ. అమ్మవారి టీకా. గా టీకాలు బందైనంక పుట్టినోళ్ళకు గిది ఉండది. నౌకరి కాయితంల మీరు పుట్టిన ఏడు ఏమని రాపిచ్చుకున్నరో నాకెరుక లేదు. గీ మచ్చకు మాత్రం ఎరుకే."

హాలంతా నవ్వింది. ఆయన ముఖం మందారమైంది. చొక్కా కిందికి లాక్కుని, "చరిత్ర అంటే కాగితం మీద నిలిచేదండీ" అన్నాడు.

"చేతులు నిలువయ్ సారూ, అది నిజమే. గిదిగో, గీ అవ్వ మొన్న ఎండకాలం పోయిందట. చెయ్యి గూడ పోయింది. పిల్ల రాసుకున్నది గావట్టె మనం సూస్తున్నం. ఇంకేం కావాలె?"

మేం అన్నానికి వెళ్ళే ముందు మార్కుల షీటు బయటికొచ్చింది. ఆ పిల్ల వరుసలో "అర్హత లేదు" అని రాసి ఉంది. కింద రెండు సంతకాలు. ఒకటి ఆయనది.

అప్పుడు నేను లేచాను. నా చేతిలోని మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. ఆ షీటు లాక్కుని, "ఇది చరిత్రకు ద్రోహం" అని, అందరి ముందు రెండు ముక్కలు, నాలుగు ముక్కలు, ఎనిమిది ముక్కలు చేశాను. జనగామ స్టేషన్ ఎదురుగా చాయ్ హోటల్‌లో ఈ కథ నేను ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. ఎనిమిది ముక్కలు కొన్నిసార్లు పదహారు కూడా అయ్యాయి.

నేను లేవలేదు. షీటు మీది రెండో సంతకం నాది.

మా జడ్జీలకు ఒక అలవాటు ఉంది. పొద్దున ఉప్మా తినేటప్పుడే ఖాళీ షీటు వస్తుంది. కింద సంతకం పెట్టేస్తాం. మా ప్యాడ్లలోని మార్కులు చూసి తర్వాత ఎవరో నింపుకుంటారు. అట్లా అయితే అన్నం కాగానే బండి అందుతుంది. దీన్ని మేం నమ్మకం అనేవాళ్ళం. అప్పటికి తొమ్మిదేళ్ళు నేను నమ్మకంతోనే సంతకాలు పెట్టాను. నర్సమ్మ ఒక్కతే పెట్టేది కాదు. "పుట్టకముందే బిడ్డ బరువు రాస్తమా?" అనేది. ఆ పొద్దున కూడా నేను పెట్టాను. పైన ఏం రాస్తారో నాకు తెలియదు. తెలియకుండా ఉండటానికే కదా ముందు పెట్టేది.

ఆమె షీటు చూసింది. నా సంతకం చూసింది. అందరి ముందు నన్నే అడిగింది.

"తమ్మీ, నువ్వేమంటవ్?"

ఒక్క మాట చాలు. నేను పెట్టింది ఖాళీ కాగితం మీద అని చెబితే ఆ షీటు చెల్లదు. నా గ్లాసులో మజ్జిగ ఉంది. తాగాను. అడుగున ఉన్న కరివేపాకు దాకా తాగాను.

"రూలు రూలే కదా అక్కా" అన్నాను.

ఆమె పెన్ను అడిగి, మా సంతకాల కింద, గీతలు దాటి, ఇంతింత అక్షరాలతో "నేను ఒప్పుకోను. నేను పూర్తిగ విన్న" అని రాసి సంతకం పెట్టింది. తర్వాత ఆ పిల్ల బల్లకు ఒక పక్క తాను పట్టి, రెండో పక్క పిల్లను పట్టమని, వరండాలోకి మోసుకెళ్ళింది. అన్నం లైను అక్కడే. బల్లను లైనుకు అడ్డంగా వేసింది. ఇక ప్లేటు పట్టుకున్నవాడు ఎవడైనా పన్నెండు చేతులు దాటాలి. "ఆగు, పిల్ల చెప్తది, ఇని పో. పప్పు ఎటు వోదు" అని ఒక్కొక్కరినీ నిలబెట్టింది. ముఖ్య అతిథిని నిలబెట్టింది. లెక్చరర్ సారునూ నిలబెట్టింది. నన్ను మాత్రం ఆపలేదు. పక్కకు జరిగి దారిచ్చింది. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మొదటి బహుమతి లైట్లు వెలిగే తోరణానికి వచ్చింది.

ఆ తర్వాత ఏడాది అనుకుంటాను, ఏదో పని మీద జనగామ వచ్చి ఆమె ఆ చాయ్ హోటల్‌కే వచ్చింది. నేను నలుగురి మధ్య కూర్చుని షీటు చింపుతున్నాను. నా వీపు ఆమె వైపు ఉంది. ఎనిమిదో ముక్క దగ్గర వెనకనుంచి గొంతు వినిపించింది.

"తమ్మీ, ఇంకోపారి చెప్పు. ఈపారి నేను ఏడ ఉన్ననో గూడ చెప్పు."

పక్కవాళ్ళు నవ్వుతూ, "అక్కా, నిజంగ చింపిండా?" అని అడిగారు. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "చింపుతడు" అంది. చింపిండు అనలేదు. అబద్ధం అనీ అనలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, తన చాయ్ తాను తాగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడేళ్ళు ఇద్దరం కలిసి జడ్జీలుగా కూర్చున్నాం. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేను ఉప్మా తింటూ సంతకం పెడుతూనే ఉన్నాను.

ఆమె పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. పదకొండోనాడు ఘనపూర్ వెళ్ళాను. ఇంటి ముందు టెంటు కింద తండాల ఆడవాళ్ళే ఎక్కువమంది ఉన్నారు. ఎవరి బిడ్డను ఏ వానలో, ఏ వాగు దాటి వచ్చి తీసిందో చెప్పుకుంటున్నారు. భోజనాల దగ్గర నాకు నీళ్ళు పోసిన పిల్ల, "బాగున్నరా సార్?" అంది. నేను గుర్తుపట్టలేదు. "పచ్చబొట్లు సార్" అంది.

ఇప్పుడు మహబూబాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. మా పోటీలో కాలేజీ పిల్లలకూ ఒక విభాగం ఉంది. ఈసారి దానికి మళ్ళీ ఆ పనే, ఇంకా పెంచి, దరఖాస్తు చేసిందట.

"తీసుకోం అన్నరు సార్. ఒకపారి అర్హత లేదన్న ప్రాజెక్టు మల్ల పెట్టద్దట. ఇద్దరు జడ్జీల సంతకాలున్నయ్ అన్నరు." మర్యాదగానే అంది: "అండ్ల మీది ఒకటి సార్."

"నర్సమ్మ ఏమన్నది?"

"దవాఖానల ఉన్నప్పుడు చెప్పిన సార్. మీ తాన్కి పొమ్మన్నది. నేను రాలె."

"ఎందుకు రాలేదు బిడ్డా?"

"మీరు రూలు రూలే అంటరని."

అన్నం మీద చారు పోసుకున్నాను. ఎక్కువైపోయి విస్తరి దాటింది.

మరుసటి వారం జనగామలో సంఘం సమావేశం. నేను పులిలా వెళ్ళానని రాయాలని ఉంది. మెట్ల మీద రెండుసార్లు ఆగాను, ఒకసారి వెనక్కి తిరిగాను కూడా. లోపలికి వెళ్ళి, కూర్చోకుండా చెప్పాను.

"ఆ మహబూబాబాద్ షీటు మీది నా సంతకం పొద్దున పెట్టింది. ఖాళీ కాగితం మీద పెట్టిన. ఆ పిల్లకు అర్హత లేదని నేను అనలేదు. అడిగినప్పుడు ఉన్నదని కూడా అనలేదు. అది నా తప్పు. ఇప్పుడు అంటున్న. ఉన్నది."

లెక్చరర్ సారు కళ్ళద్దాలు తీశాడు.

"మీరేమంటున్నారో మీకు తెలుస్తోందా? ఆ ఒక్కటే కాదు గదా. అన్నేళ్ళూ మీరు పొద్దున్నే సంతకం పెట్టారు. అంటే ఇచ్చిన బహుమతులన్నీ..."

"నా మటుకు అన్నీ ఖాళీ కాగితాలే."

"సంఘం పరువు పోతుంది."

"నాది పోయింది సార్. ఇంకా నడుస్తనే ఉన్న. సంఘం గూడ నడుస్తది."

"ఈ వయసులో ఎందుకండీ ఇదంతా? పోయినామె తిరిగి వస్తుందా?"

"పిల్ల ఉన్నది కదా" అన్నాను. ఈసారి మాట బయటికే వచ్చింది. మజ్జిగ గ్లాసు కూడా ఎదురుగా లేదు.

గంటన్నర లొల్లి అయింది. చివరికి రెండు తీర్మానాలు రాశారు. ఆ షీటు చెల్లదు గనక ఆ పిల్ల ప్రాజెక్టు తీసుకోవాలి. నన్ను జడ్జీల జాబితాలోంచి తీసేయాలి. రెండింటికీ చెయ్యెత్తాను. రాసింది పూర్తిగా చదివి, ఆ తర్వాతే సంతకం పెట్టాను. పదమూడు పోటీల్లో చేయని పని అది.

పోయిన ఆదివారం భూపాలపల్లిలో పోటీ. నాకు పిలుపు లేదు. బస్సెక్కి వెళ్ళాను. ఆ పిల్ల బల్ల మీద ఈసారి కాగితాలతో పాటు మనుషులూ ఉన్నారు. పన్నెండుమంది అవ్వల్లో ఏడుగురే మిగిలారట. అందులో నలుగురిని వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళు వచ్చీ రాగానే జడ్జీలకని వేసిన కుర్చీల్లో కూర్చున్నారు. లేపడానికి వెళ్ళినవాడు ఒక్కసారి వెళ్ళి, మళ్ళీ వెళ్ళలేదు. నేను వాళ్ళ వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"నాయినా, జర జరుగు, గాలొస్తలేదు" అంది ఒక అవ్వ. జరిగాను.

కొత్త జడ్జీలు వచ్చారు. ముందున్నవాడు పడుచువాడు, మెడలో బిళ్ళ ఇంకా నిగనిగలాడుతోంది. వాళ్ళతో తిరుగుతున్న సంఘం మనిషి ఖాళీ షీటు తీసి పిల్ల బల్ల మీద పరిచాడు.

"సార్, ఇక్కడొక్క సంతకం. నింపుకునుడు మేం చూసుకుంటం. మీకు బస్సు ఉంది కదా."

పడుచు జడ్జి పెన్ను మూత తీశాడు.

"ఆగు!" అని అరిచాను. హాలు మొత్తం తిరిగింది. ఇది పెంచి చెప్పడం కాదు, తలుపు దగ్గర లైట్లు సర్దుకుంటున్నవాళ్ళు కూడా తిరిగారు.

"మీరెవరండీ?" అన్నాడు అతను.

"ఆయన జడ్జి కాదు" అని అటువైపు నుంచి లెక్చరర్ సారు గొంతు వచ్చింది.

"కాదు. జడ్జినైతే ఈ పాటికి సంతకం పెట్టి ఉప్మా తింటుండెటోన్ని. ముందు ఇను బిడ్డా. ఇన్నంక ఏమన్న రాసుకో, సున్నా రాసుకో. ఖాళీ దాని మీద మాత్రం పెట్టకు. నేను పెట్టిన, నాలుగేండ్లు నెత్తిమీదికెల్లి దిగలేదు అది."

అతను పెన్ను పట్టుకుని నన్ను చూశాడు, సంఘం మనిషిని చూశాడు. ఇద్దరిలో ఎవరికి పిచ్చో తేల్చుకుంటున్నట్టున్నాడు. ఈ గొడవంతా కుర్చీలో ఉన్న అవ్వకు పట్టలేదు. తనను చూడ్డానికే సారు వచ్చాడనుకుంది. గాజులు మోచేతి దాకా తోసుకుని, కుడిచెయ్యి చాపి, బల్ల మీద, సరిగ్గా ఆ షీటు మీద పెట్టింది. మణికట్టు నుంచి మోచేతి దాకా చుక్కలు, తేలు, నిచ్చెన. సంతకం పెట్టాల్సిన గీత ఆ చేతి కింద పడిపోయింది.

పడుచు జడ్జి ఆ చేతిని చూశాడు. పెన్నుకు మూత పెట్టి, కుర్చీ లేదు గనక, అవ్వ ముందు కింద కూర్చున్నాడు.

"ఎక్కడినుంచి చూడాలమ్మా?" అని ఆ పిల్లను అడిగాడు.

"చుక్కల కాడినుంచి సార్" అంది ఆ పిల్ల.